పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీలో బర్నౌట్: మందుల్లేకుండా గట్టెక్కడం కుదురుతుందా?

తుంగభద్ర
ముందు మాట తేల్చుకుందాం. బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో జబ్బుగా రాయలేదు. ఉద్యోగంలో వచ్చే స్థితిగా రాసింది: సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, చేతకావడం లేదన్న భావన. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలపడం, పని మొదలుపెట్టి ముగించడం కష్టమయ్యే సమస్య, ఉన్నవాళ్ళు అక్కడికి చేరే దారి తరచు ఇలా ఉంటుంది. గడువు నెత్తిమీదికొచ్చేదాకా పని మొదలుకాదు. మొదలయ్యాక తిండీ నిద్రా మాని 14 గంటలు. ఆ తర్వాత రెండ్రోజులు మంచం దిగలేరు. పోయిన ఆ రెండ్రోజుల్ని పూడ్చుకోవడానికి మళ్ళీ రాత్రి జాగారం.

దీన్ని తెంచేది దినచర్యే అని నా వాదన. మొదటి 8 వారాలు మందుల్లేకుండా చూడాలి. పడుకునే వేళ కోసం పోరాడొద్దు, లేచే వేళ ఒక్కటి పట్టుకోండి, ఆదివారమైనా సరే. లేచిన గంటలోపు 20-30 నిమిషాలు ఆరుబయట నడక. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దల్లో చాలామందికి ఒంటి గడియారం వెనకబడి నడుస్తుంది, పొద్దుటి వెలుతురు దాన్ని ముందుకు జరుపుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కాఫీ వద్దు. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5కి తాగిన ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి 10కి ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

నల్లమల
తుంగభద్ర గారూ, మీరు చెప్పినవన్నీ మంచివే, నా అభ్యంతరం వరస మీద. ఒకే వేళకు లేవడానికీ, నడకకు కదలడానికీ, కాఫీ గంట గుర్తుంచుకోవడానికీ ఏవి కావాలో అవే ఏడీహెచ్‌డీలో కొరవడతాయి. అడుగంటిన బావిలోంచే నీళ్ళు తోడి ఆ బావిని నింపమంటున్నారు. మూడో వారంలో దినచర్య కూలిపోతుంది. అప్పుడు ఆ మనిషి పద్ధతిని తప్పుపట్టడు, తనను తానే తిట్టుకుంటాడు. బర్నౌట్ మీద ఆ అపరాధ భావం మరో బరువు.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018లో ఇచ్చినవి పెద్దలకు ముందు పరిసరాల్లో మార్పులు చేయమంటాయి, ఆ తర్వాత కూడా ఇబ్బంది గట్టిగా ఉంటే మందు ఇవ్వమంటాయి. మీరు మొదటి సగం చెప్పి ఆగిపోయారు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్నది. డాక్టరు చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, దుకాణం ఒక ప్రతిని రెండేళ్ళు దాచాలి. అందువల్ల చాలా షాపుల్లో ఉంచరు. దొరకడం కష్టమని వదిలేసి దానికి ‘సహజమైన దారి’ అని పేరు పెట్టుకునేవాళ్ళ గురించే నా బెంగ.

వేపచెట్టు
సహజం అనగానే చేయి అశ్వగంధ డబ్బా మీదికి పోతుంది కాబట్టి ఇది చెప్పాలి. ఏడీహెచ్‌డీ బర్నౌట్‌కు అశ్వగంధ గానీ బ్రాహ్మి గానీ పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. పైగా బ్రాహ్మి పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు. ఒకటి నీటి బ్రాహ్మి, అంటే బకోపా. రెండోది మన సరస్వతి ఆకు, అంటే సెంటెల్లా. జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు ఎక్కువగా జరిగింది బకోపా మీద, సాధారణంగా రోజుకు 300 మి.గ్రా. సారంతో 12 వారాలు. డబ్బా మీద శాస్త్రీయ నామం లేకపోతే ఏది కొంటున్నారో మీకే తెలియదు. బకోపాతో వికారం, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు.

అశ్వగంధ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. థైరాయిడ్ హార్మోన్లను అది పెంచగలదు. గర్భిణులు, థైరాయిడ్ మాత్రలో నిద్రమాత్రలో వాడేవాళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

ఆ డబ్బు రక్తపరీక్షకు పెట్టండి: హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెర్రిటిన్ అడుగున ఉండే ఆడవాళ్ళు చాలామంది. శాకాహారుల్లో బీ12 లోటు మామూలు. ఇవేవీ చూడకుండా అలసటనంతా ఏడీహెచ్‌డీ ఖాతాలో రాసేస్తే ఏ దినచర్యా నిలవదు. భోజనంతో పాటు టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు, గంట ఎడం ఇవ్వండి. గట్టిగా గురక పెట్టేవాళ్ళు నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో చూపించుకోవాలి.

తుంగభద్ర
నల్లమల గారి బావి మాట ఒప్పుకుంటున్నాను. మనోబలం మీద ఆనుకున్న పద్ధతి నిలవదు. ఏడీహెచ్‌డీ అంటే ఏం చేయాలో తెలియకపోవడం కాదని, తెలిసింది చేయలేకపోవడమని, కాబట్టి సాయం కూడా పని జరిగే చోటే ఉండాలని ఏడీహెచ్‌డీ మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్లే ఎన్నాళ్ళుగానో చెబుతున్నారు. నేను చెప్పే దినచర్య తలలో ఉండేది కాదు, వస్తువుల్లో ఉండేది.

అలారం గదికి అవతలి మూల, దాని పక్కనే నడక చెప్పులు. రోజుకు మూడే పనులు, చేత్తో రాసి కళ్ళెదుట అంటించాలి. మిగతావి వేరే కాగితంలో, బల్ల సొరుగులో. ‘రిపోర్టు రాయాలి’ అని రాస్తే మొదలుకాదు, ‘ఫైలు తెరిచి శీర్షిక కొట్టాలి’ అని రాస్తే అవుతుంది. ఎంతసేపు పడుతుందనుకుంటే దానికి రెట్టింపు కేటాయించండి. ఒంటరిగా కదలని పనికి తోడు కూర్చోబెట్టుకోండి: వీడియో కాల్‌లో 50 నిమిషాలు, మైకు ఆపి, ఎవరి పని వాళ్ళు. మొదట్లో ఏం చేయబోతున్నారో ఒక్క వాక్యం, చివర్లో అయిందో లేదో ఒక్క వాక్యం. ఇది చెడేది ఎక్కడంటే, తోడు కూర్చున్నవాళ్ళతో కబుర్లు మొదలైనప్పుడు. అందుకే దగ్గరి స్నేహితుల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ళు మేలు.

పాలపిట్ట
అందరూ మనిషిని బాగుచేయడం గురించే మాట్లాడుతున్నారు, బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. రాత్రి 10కి అమెరికా కాల్, పొద్దున్న 9కి స్టాండప్ (టీమ్ రోజువారీ మీటింగ్) ఉన్న హైదరాబాద్ ఉద్యోగికి ఏ అలారం ఏం చేస్తుంది? ఇంట్లో పిల్లల ఫీజులు, పెద్దవాళ్ళ మందులు, గ్యాస్ బుకింగ్ అన్నీ ఒక్క ఆడమనిషి తలలోనే ఉంటే?

మందు కూడా ఇక్కడే మోసం చేస్తుంది. మాత్ర పనిచేస్తోందని ఇంకో పని నెత్తికెత్తుకుంటారు. ఆకలి చచ్చి మధ్యాహ్నం అన్నం మానేస్తారు. సాయంత్రం మందు దిగేసరికి ఆకలీ చిరాకూ ఒక్కసారే మీద పడతాయి. మాత్రకు ముందే పెసరట్టో, గుడ్లో తినాలి, మధ్యాహ్న భోజనానికి అలారం పెట్టుకోవాలి.

ఒప్పుకున్న పనులన్నీ, ఇంటివీ ఆఫీసువీ, ఒకే కాగితం మీద రాయండి. వాటిలో మూడో వంతు నాలుగు వారాల పాటు ఆగిపోవాలి, లేదా వేరేవాళ్ళ చేతికి పోవాలి. అప్పగిస్తే పూర్తిగా అప్పగించాలి. గుర్తుచేసే బాధ్యత మీ దగ్గరే ఉంటే బరువు దిగనట్టే. మేనేజరును ‘పని తగ్గించండి’ అని అడిగితే జవాబు రాదు. ‘ఈ మూడింటిలో ఈ వారం ఏది ముందో మెయిల్‌లో రాయండి’ అని అడగండి, మిగతా రెండూ వాటంతటవే వెనక్కి పోతాయి.

నల్లమల
పాలపిట్ట గారి మాటకు పూర్తిగా తోడు. నాకు మిగిలిన పేచీ గడువు దగ్గరే. బరువు దించాక 4 వారాలు చాలు. అప్పటికీ పని మొదలుపెట్టడం, పూర్తిచేయడం అలాగే ఉంటే సైకియాట్రిస్టును కలవాలి. 12 ఏళ్ళలోపే లక్షణాలు ఉన్నాయా అని అడుగుతారు, పాత ప్రోగ్రెస్ కార్డులు ఉంటే పట్టుకెళ్ళండి. ఇంటర్నెట్‌లో దొరికే ఆరు ప్రశ్నల ఏడీహెచ్‌డీ పరీక్ష ఏఎస్ఆర్ఎస్ వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. పది రోజులు సెలవు పెట్టినా ఇష్టమైనవి కూడా రుచించకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి నాలుగు వారాలు కూడా ఆగొద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

తుంగభద్ర
ఆ చివరి రెంటికీ ఎదురు లేదు. మామూలు బర్నౌట్‌కు మాత్రం 8 వారాలే అంటాను. నెలల తరబడి చెడిన నిద్ర కుదురుకోవడానికే మొదటి మూడు నాలుగు వారాలు పోతాయి. అది కుదిరాక గానీ మిగిలింది ఏడీహెచ్‌డీయా, నిద్రలేమా అన్నది తేలదు.

వేపచెట్టు
మరి రాత్రి షిఫ్టు వాళ్ళకు పొద్దుటి వెలుతురు ఎలా?

తుంగభద్ర
వాళ్ళకు తలకిందులు చేయాలి. లేచిన వేళే వాళ్ళకు పొద్దు. మధ్యాహ్నం 2కి లేస్తే అప్పుడే ఆరుబయట నడక. కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే. తెల్లారి ఇంటికొచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు, అదీ క్యాబ్‌లో వస్తేనే. బండి తామే నడిపేవాళ్ళు పెట్టుకోవద్దు, కునుకు పట్టే వేళ అది. కిటికీకి మందపాటి పరదా, ఫోను పక్క గదిలో. సెలవురోజున లేచే వేళ రెండు గంటలకు మించి మార్చొద్దు.