సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ల్యాబును స్టూడియోగా నడపడం సాధ్యమేనా?

ప్రశ్న (భీమవరం దగ్గర, అధ్యాపకురాలు)
నేను బి.టెక్. మూడో సంవత్సరం వారికి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ చెబుతున్నాను. ల్యాబులో 60 మందీ ఒకే గ్రంథాలయ వ్యవస్థకు ఒకే యూఎంఎల్ బొమ్మలు (సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని చూపే పటాలు) గీసి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోతున్నారు. ఆర్కిటెక్చర్ (భవన రూపకల్పన) విద్యార్థులు స్టూడియో అనే తరగతిలో తమ నమూనాలను గోడకు పెట్టి అందరి ముందూ విమర్శకు నిలబడినట్లు మా పిల్లలనూ నిలబెట్టాలని నాకు ఎంతగానో ఉంది. అయితే వారానికి మూడు పీరియడ్లతో, ఒక్క అధ్యాపకురాలితో ఇది జరిగే పనేనా? మార్కులు ఎలా వేయాలి?

జవాబు 1 (కాకినాడ, విశ్రాంత అధ్యాపకుడు)
మేడం గారూ, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1989లో ప్రారంభించిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మాస్టర్స్ కోర్సుకు స్టూడియోయే వెన్నెముక. అక్కడ విద్యార్థుల బృందాలు నిజమైన క్లయింటుకు నెలల తరబడి పనిచేస్తాయి, పక్కన మార్గదర్శకులు ఉంటారు. ఆ స్థాయి మనకు కుదరదు, కుదరనక్కరలేదు కూడా. వృత్తి నిపుణులు ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన డొనాల్డ్ షాన్ 1983లో వెలువరించిన పుస్తకంలో ఆర్కిటెక్చర్ గురువు ఒకరు విద్యార్థిని బొమ్మ మీదే గీస్తూ, తాను ఎందుకు అలా గీస్తున్నదీ పైకి చెబుతూ పోతాడు. స్టూడియోకు ప్రాణం అదే. మనం జవాబు చెబుతాం గాని, ఆ జవాబు దగ్గరకు తడబడుతూ ఎలా చేరుకున్నామో పిల్లలకు ఎన్నడూ చూపించం.

జవాబు 2 (అమలాపురం, అధ్యాపకుడు)
నేను రెండేళ్లుగా నడుపుతున్నాను, సాధ్యమేనండి. మా బృందాల్లో ఒకదానికి రొయ్యల రైతు ఒకరు క్లయింటుగా దొరికారు. చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్లెంలో) మేత ఎంత మిగిలిందో చూసి తరువాతి మేత తగ్గించాలా, పెంచాలా అని తేల్చుకోవడం ఆయన రోజువారీ పని. పిల్లలు ఫోనులో పదకొండు గడులున్న ఫారం తయారు చేసి, మిగిలిన మేతను గ్రాముల్లో నింపమన్నారు. చెరువు గట్టు మీద, తడి చేతులతో, ఆయన బొటనవేలి వెనుకభాగంతో తెరను నొక్కబోయి, రెండో గడి దగ్గరే ఫోను తిరిగి ఇచ్చేశారు. "అయిపోయిందా, కొంచెం మిగిలిందా, సగం మిగిలిందా, ఇంతే కదండీ" అన్నారు. మరుసటి వారం మూడు పెద్ద బొత్తాలు వచ్చాయి. కాని అప్పటికే గ్రాముల్లో దాచిన సమాచారాన్ని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చి, డేటాబేసు మార్చడానికి రెండు వారాలు పట్టింది. అవసరాల సేకరణ (వాడేవారికి ఏం కావాలో ముందే తెలుసుకోవడం) గురించి నేను ఒక సెమిస్టరంతా చెప్పినా అంత లోతుగా నాటుకునేది కాదు.

మీ 60 మందిని ఐదుగురు చొప్పున 12 బృందాలు చేయండి. వారానికి నాలుగు బృందాలు, ఒక్కొక్కటి పావుగంట తమ పనిని తెర మీద పెట్టాలి. మిగిలినవారు ఆ తరువాత తమ పని చేసుకుంటారు. అంటే మూడు వారాలకొకసారి ప్రతి బృందానికీ వంతు వస్తుంది. ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగం ఒక నోటుబుక్కుకు కేటాయించండి: ఏ విమర్శ వచ్చింది, ఏది మార్చాం, ఏది ఎందుకు మార్చలేదు అన్నది ప్రతి విద్యార్థీ సొంతంగా రాయాలి. గిట్ చరిత్రను (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచే నమోదును) దాని పక్కన పెట్టి చూస్తే, కొని తెచ్చిన ప్రాజెక్టు తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు
చాలా సంతోషం మాస్టారూ. అందరి ముందూ తప్పు చూపిస్తే మా ఆడపిల్లలు కొందరు మరుసటి వారం ల్యాబుకే రారేమోనని నా భయం.

జవాబు 2 రచయిత
ఆ భయం నాకూ ఉండేదండి. అందుకే మొదటి వారం నేను రాసిన పాత హాజరు ప్రోగ్రామునే తెర మీద పెట్టి, దానిలో తప్పులు వెదకమన్నాను. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరకు వెనుక బెంచీ అమ్మాయి లేచి, సెలవు రోజును కూడా గైర్హాజరుగా లెక్కిస్తోందని చెప్పింది. నేను అక్కడే, వాళ్లు చూస్తుండగానే, రెండుసార్లు తప్పు చేసి మూడోసారి సరిదిద్దాను.