బేస్‌బాల్‌లో కొత్త పిచ్చర్‌ని (బంతి విసిరేవాడిని) ఎన్ని మ్యాచ్‌లు చూశాక అంచనా వేయాలి?

అందరికీ నమస్కారం. మేము డాలస్‌లో ఉంటాం. క్రికెట్ చూస్తూ పెరిగిన నేను మా అబ్బాయి వల్ల మూడేళ్లుగా బేస్‌బాల్ చూస్తున్నాను. మైనర్ లీగ్‌లో (కింది స్థాయి పోటీల్లో) అదరగొట్టిన కుర్ర పిచ్చర్‌ని మేజర్ లీగ్‌కి (అన్నిటికంటే పై స్థాయికి) తెస్తారు, రెండో మ్యాచ్‌కే బ్యాటర్లు చితక్కొడతారు. ఆ రాత్రి మావాడు అన్నం కూడా సరిగ్గా తినడు. వాడికి ఏం చెప్పాలి?

పాత లెక్కలు చూస్తే ఇంకా అయోమయంగా ఉంది. పాల్ స్కీన్స్ 2024 మేలో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి వచ్చి, 133 ఇన్నింగ్స్‌లో 1.96 ఈఆర్‌ఏతో (ఫీల్డర్ల తప్పులు తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ సగటున ఇచ్చిన పరుగులు; తక్కువైతే మంచిది) సీజన్ ముగించాడు. తర్వాత గొప్ప పిచ్చర్‌గా పేరు తెచ్చుకున్న గ్రెగ్ మాడక్స్ మాత్రం 1987లో 6 గెలిచి 14 ఓడాడు. రాయ్ హాలడే సంగతి చదివితే నాకు కళ్లు చెమర్చాయి. 2000లో ఈఆర్‌ఏ 10.64. మరుసటి ఏడాది మైనర్ లీగ్‌లో బాగా కింది మెట్టైన క్లాస్ ఏ దాకా దింపేశారు. బంతి వేసే తీరే మార్చుకుని తిరిగొచ్చి, 2003లో లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2010లో తొలి మ్యాచ్‌లోనే 14 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తీశాడు, అదే ఏడాది మోచేతికి ఆపరేషన్ అయింది.

మొదటి ఐదారు మ్యాచ్‌లలో ఈఆర్‌ఏని పట్టించుకోవాలా, లేక స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) చూడాలా? అదే బ్యాటర్ రెండోసారి, మూడోసారి ఎదురైనప్పుడు పిచ్చర్ తేలిపోతే అది అనుభవం లేకనా, మూడో రకం బంతి చేతిలో లేకనా? టీవీలో చూస్తూ ఆ తేడా ఎలా పట్టుకోవాలి? ఏళ్లుగా చూస్తున్నవాళ్లు దయచేసి కాస్త వివరంగా చెప్పండి, మావాడికి చదివి వినిపిస్తాను.