పొరుగువాడికా, పొరుగువారికా?

ప్రశ్న అడిగినాయన: డిసెంబరు 6న హోంగార్డుల రైజింగ్ డే. మా తోడల్లుడు హోంగార్డు, రమ్మంటే పరేడ్ గ్రౌండ్‌కి వెళ్ళాను. వేదిక వెనక ఫ్లెక్సీ మీద పెద్దక్షరాలతో ‘నిష్కామ సేవ’ అని ఉంది. కింద గురజాడ: ‘స్వంత లాభం కొంత మానుకొని పొరుగువారికి తోడుపడవోయ్’. నా చెవిలో ఉన్నది ‘పొరుగువాడికి’. మా తెలుగు మాస్టారు డస్టరుతో బల్ల మీద దరువేస్తూ చెప్పించేవారు. వారం నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. డి-నా, రి-నా?

మాత్రల మాస్టారు: ముందు ఆ ‘మానుకొని’ సంగతి తేల్చండి. ఈ గేయం ఛందస్సు ముత్యాలసరం, నడక 3-4-3-4 మాత్రలు. సొంత, లాభం, కొంత, మానుకు. ‘మానుకొని’ అంటే చివర అయిదు మాత్రలొచ్చి పాదం కుంటుతుంది. మీ మాస్టారి డస్టరే సాక్షి.

ప్రశ్న అడిగినాయన: మానుకు విషయంలో నాకు అనుమానం లేదండీ. డి, రి సంగతి?

మాత్రల మాస్టారు: అక్కడే చిక్కు. ‘వాడికి’ నాలుగే, ‘వారికి’ నాలుగే. ఛందస్సు చేతులెత్తేస్తుంది.

బొబ్బిలి వీణ: ఛందస్సు చెప్పకపోతే ‘ఓయ్’ చెబుతుంది. భుజమ్మీద చెయ్యేసి మాట్లాడే పిలుపది. ఆ గొంతులో ‘వారికి’ అన్న గౌరవవాచకం అతకదు. ఉత్తరాంధ్ర చెవికి ‘వాడికి’ తప్ప ఇంకోటి ఆనదు. గురజాడ విజయనగరంలో ఉండి రాశారు, మర్చిపోకండి.

మాత్రల మాస్టారు: ఓయ్ అన్నది వింటున్నవాణ్ణి. వాడు, వారు అన్నది పక్కింటి మనిషిని. తమ్ముణ్ణి ‘ఒరేయ్, మాస్టారికి కుర్చీ వెయ్యి’ అనమా? ఈ రెంటికీ ముడి పెట్టకూడదు. పైగా ‘వారికి’ బహువచనం కూడా కావచ్చు.

అక్షరాల అత్తయ్య: రెండూ వదిలేసి ఎవరూ చూడనిది నేను చూశాను. ‘స్వంత’ ఏమిటి నాయనా? సంస్కృతంలో స్వంతం అంటే సు + అంతం, మంచి ముగింపు కలది. మన మాట సొంతం. దానికి లేని వత్తు తగిలించి సంస్కృతం చేశామనుకుంటారు. సాంత్వనని ‘స్వాంతన’ చేసిన చేతులే ఇవీ. స్వాంతం అంటే మనసు, ఓదార్పు కాదు.

కోఠీ పాత పుస్తకం: అత్తయ్యగారూ, అదే ఫ్లెక్సీ మీద ‘స్వచ్చంద’ అని కూడా ఉండే ఉంటుంది, వత్తు ఛ లేకుండా.

ప్రశ్న అడిగినాయన: ఉంది! ‘స్వచ్చంద సేవకులకు వందనం’ అని.

అక్షరాల అత్తయ్య: స్వ + ఛందం. ఛందం అంటే ఇష్టం. సంధిలో మధ్యన చకారం వచ్చి స్వచ్ఛందం అయింది. చీపురు పట్టుకునే ‘స్వచ్ఛ’కీ దీనికీ చుట్టరికం లేదు. భీష్ముడిది స్వచ్ఛంద మరణం. తన ఇష్టమొచ్చినప్పుడు పోవడం. అంతేగానీ శుభ్రంగా పోవడం కాదు.

పాలమూరు పిల్లోడు: మా నాయన హోంగార్డు. 22 ఏండ్ల సర్వీసు. సర్వీసు అనొద్దంట, సేవ అనాలంట. అత్తయ్యగారు చెప్పిన అర్థం చూస్తే నవ్వొచ్చింది. చేరింది స్వచ్ఛందమే, కాదనను. ‘ఈ పూట రాను’ అనే ఛందం మాత్రం లేదు. డ్యూటీకి పోకపోతే ఆ రోజు పైసలు లేవు. తెలంగాణలో 2025 జనవరి నుంచి రోజుకు 1000 రూపాయలు, అంతకు ముందు 921. పరేడ్ కోసం ఒక ఖాకీ జత విడిగ ఇస్త్రీ చేసి దివాన్ పరుపు కింద పెడతడు, మడత చెడొద్దని. రోజూ ట్రాఫిక్‌ల నిలబడే జత మెడ దగ్గర చెమటకు తెల్లబడ్డది.

బొబ్బిలి వీణ: తమ్ముడూ, ఆ రెండు జతల సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

కోఠీ పాత పుస్తకం: 1946లో బొంబాయి రాష్ట్రంలో అల్లర్లప్పుడు పోలీసుకు సాయంగా మొదలైన దళం ఇది. ఉద్యోగం, వ్యాపారం చేసుకునే పౌరుడు అవసరమొచ్చినప్పుడు వచ్చి నిలబడాలని ఉద్దేశం. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా ఒకే పద్ధతికి తెచ్చారు. సరిహద్దు రాష్ట్రాల్లో బోర్డర్ వింగ్ కూడా ఉంది. మన దగ్గర చూస్తే ఖాళీ పోలీసు కొలువుల్లో సగం పని వీళ్ళ మీదే నడుస్తున్నట్టుంటుంది. పేరేమో వాలంటీరు.

సివిల్ ప్లీడరు: 2015లో హిమాచల్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు పర్మినెంట్ చెయ్యమనలేదు. డ్యూటీ అలవెన్సు మాత్రం నెల లెక్కన కానిస్టేబుల్ కనీస జీతానికి తగ్గకూడదంది. ‘వాలంటీరు’ అన్న మాట అక్కడ అలంకారం కాదు, కేసు దాని మీదే తిరిగింది.

లండన్ పలక: ఇంగ్లండులో ఇలాంటి దళాన్ని 1940 మేలో మొదలుపెట్టినప్పుడు దాని పేరు లోకల్ డిఫెన్స్ వాలంటీర్స్. ఆ జులైలోనే చర్చిల్ హోంగార్డ్ అని మార్పించాడు. వాలంటీరు ఎగిరిపోయి గార్డు మిగిలాడు.

అక్షరాల అత్తయ్య: మనకి గార్డు ఉండి వాలంటీరు అర్జీల్లో మిగిలాడు. ‘గృహరక్షక దళం’ అని పత్రికల వాళ్ళు రాసేవారు గానీ, అది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లా వినిపిస్తుంది. నిలవలేదు.

బొబ్బిలి వీణ: దళం ఎందుకు, దండు ఉందిగా! దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలప్పుడు అంత జనాన్నీ అదుపు చేసింది వాళ్ళే. దండు అంటే ఎంత సొంపుగా ఉంది, నోరు నిండుతుంది.

కోఠీ పాత పుస్తకం: నోరు నిండే మాట ఇంకోటి ఉంది. రజా అంటే సమ్మతి, కార్ అంటే చేసేవాడు. రజాకార్. అక్షరాలా మీ స్వచ్ఛంద సేవకుడే.

పాలమూరు పిల్లోడు: అన్నా, ఆ మాట మా ఇంట్ల పలకరు.

కోఠీ పాత పుస్తకం: పలకొద్దు తమ్మీ. నేను చెప్పేది కూడా అదే, నిఘంటువు సగమే చెబుతుంది. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి ఊరి మీద పడ్డ రజాకార్లు పేరుకి వాలంటీర్లు. బురుజెక్కి వాళ్ళని ఎదిరించిన గ్రామరక్షక దళమూ వాలంటీర్లే. ఒకే మాటకి రెండు పక్కలా మనుషులు.

మాత్రల మాస్టారు: మనం పాదం వదిలి చాలా దూరం వచ్చేశాం.

పాలమూరు పిల్లోడు: సార్, నేను పాదం కాడికే వస్తున్న. డి, రి మీరు తేల్చుకోండ్రి. నాకు ‘కొంత’ కాడ ఆగింది. గురజాడ ‘కొంత మానుకు’ అన్నడు. మొత్తం మానుకొమ్మనలే. ఆ పైన ఫ్లెక్సీ మీద ‘నిష్కామ’. కామం సున్న. ఒకే బట్ట మీద రెండూ ఎట్ల రాసిండ్రు?

సివిల్ ప్లీడరు: ఈ ప్రశ్న నాకు కోర్టులో తగలనందుకు సంతోషం.

మాత్రల మాస్టారు: బాబూ, ‘కొంత’ కేవలం మాత్రల కోసం పడ్డది కావచ్చు. ‘సొంత’కి ప్రాసగా.

బొబ్బిలి వీణ: ఒప్పుకోను మాస్టారూ. ప్రాస కోసమే అయితే మాటలకి కరువా? గురజాడకి మనిషి సంగతి తెలుసు. పూర్తిగా వదులుకోమంటే ఎవడూ వదలడని తెలిసే ‘కొంత’ అన్నారు. లాభం అనేది ఒకటి ఉన్నవాడితో అన్న మాట అది. లేనివాడితో కాదు.

అక్షరాల అత్తయ్య: ఇది నేను ఒప్పుకుంటాను. కానీ సొంత, స్వంత కాదు.

ప్రశ్న అడిగినాయన: అందరికీ నమస్కారాలు. మా తోడల్లుడికి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆ ఫ్లెక్సీ కట్టింది వాళ్ళేనట, రాత్రి పదకొండింటికి, నిచ్చెన దొరక్క జీపు బానెట్ ఎక్కి. ‘మానుకొని’ అని ఉన్న సంగతి మాత్రం గమనించలేదన్నాడు. ఇంతకీ డి-నా, రి-నా?

మాత్రల మాస్టారు: పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి. ‘స్వంత’ అని ఉంటే అత్తయ్యగారికి చూపించకండి.