అప్‌డేట్: నల్లగొండలో ఆరుబయట పాటల కార్యక్రమం, వాన సూచన ఏది నమ్మాలి?

మే నెలలో ఆరుబయట జానపద పాటలు పెట్టుకున్నాం, ఒక్కో యాప్ ఒక్కో మాట చెప్తోంది, ఏది చూడాలి అని అడిగాను కదా. కార్యక్రమం బాగా జరిగింది, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది వాన మబ్బులు ఎక్కడున్నాయో, ఎటు కదులుతున్నాయో చూపే రాడార్ చూడమన్న మాటే. పది రోజుల ముందు నుంచి చూసిన వాన శాతాలతో టెన్షన్ తప్ప ఏమీ రాలేదు, ఎండాకాలం సాయంత్రాల్లో ఉరుముల మబ్బు గంట రెండు గంటల్లోనే లేస్తుంది, ఏ మండలం మీద కురుస్తుందో అంత ముందు తేలదు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాతావరణ శాఖ హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మలు, నౌకాస్ట్ (రాబోయే 3 గంటలకు ఇచ్చే సూచన), పిడుగులకు దామిని యాప్ చూస్తూ కూర్చున్నాం. ఐదున్నరకు దేవరకొండ వైపు నుంచి మబ్బు మా దిక్కు కదులుతుంటే కరెంటు తీసేసి, స్పీకర్ల మీద టార్పాలిన్ కప్పి, జనాన్ని పక్క ఫంక్షన్ హాల్లోకి పంపాం. ఇరవై నిమిషాల గాలివాన. ఏడున్నరకు మళ్లీ డప్పు మోగింది.

ఎల్లో అలర్ట్ చూసి రద్దు చేద్దామనుకున్నాను, కానీ అది గమనిస్తూ ఉండమని జిల్లా మొత్తానికి చెప్పే మాట మాత్రమే.