జీడిపప్పు కర్మాగారాన్ని కంప్యూటరీకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

నమస్కారం. పర్లాకిమిడి దగ్గర మా కుటుంబానికి ఒక జీడిపప్పు కర్మాగారం ఉంది. రోజుకు 80 కిలోల జీడిపిక్కల బస్తాలు 40 వరకు ఆడతాము. బాయిలింగు, కటింగు, బోర్మా (పప్పును వేడి గదిలో ఆరబెట్టడం), గ్రేడింగు మా ఆవరణలోనే జరుగుతాయి. పీలింగులో (పప్పు మీది పొట్టు తీసే పనిలో) కొంత భాగాన్ని మాత్రం మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపు ఉన్న చిన్న యూనిట్‌కు పంపి చేయిస్తాము. లెక్కలన్నీ మా నాన్నగారు ఇరవై ఏళ్లుగా మూడు పుస్తకాలలో రాస్తున్నారు. ఎంత కొన్నామో, ఎంత అమ్మామో వాటిలో తేలుతుంది గానీ, ఏ ఊరి పిక్క ఎంత పప్పు ఇచ్చిందో, ఎక్కడ ఎంత విరిగిందో తేలదు.

కొనుగోళ్లు, ఉత్పత్తి, కూలి, అమ్మకాలు, జీఎస్టీ అన్నీ ఒకేచోట నడిచే ఈఆర్‌పీ ప్యాకేజీని మూడు నెలలలో పెట్టి ఇస్తామని ఒక సంస్థ వారు వచ్చారు. ఒప్పుకోవడానికి ముందు ఏయే పనులు, ఏ వరుసలో చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? మా దగ్గర పనిచేసేవారు తెలుగు, ఒడియా, సవర భాషలు మాట్లాడేవారని కూడా గమనించగలరు.

జవాబు 1 (బరంపురం, గంజాం జిల్లా)

చిన్న కర్మాగారాల ఉత్పత్తి లెక్కలు చూసే పనిలో ఉన్నాను. మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది: ఏ పిక్క ఎంత పప్పు ఇచ్చిందో తెలియడం లేదన్నారు. ఆ సంగతి తేల్చేది లాట్ నంబరూ తూకమూ తప్ప ప్యాకేజీ కాదు, కాబట్టి సాఫ్ట్‌వేరు ఒప్పందాన్ని నాలుగు నెలలు వాయిదా వేసి ముందు ఈ రెంటినీ స్థిరపరచండి.

పిక్క కొన్న రోజునే ప్రతి లోడుకూ ఒక నంబరు వేసి, ఊరు, తేదీ, బరువు, తేమ రాయండి. ఒక కిలో నమూనాను కోసి పనికివచ్చే పప్పును తూచండి. 272 గ్రాములు వస్తే, దానిని బస్తా బరువైన 80తో హెచ్చించి, పౌండుకు గ్రాములైన 453.6తో భాగించినప్పుడు బస్తాకు 48 పౌండ్ల దిగుబడి అని తేలుతుంది, అంటే సుమారు 21.8 కిలోలు. ఆ లాట్ కర్మాగారం దాటే సరికి నిజంగా వచ్చిన పప్పును దీనితో పోల్చండి. బస్తాకు అరకిలో తేడా ఉన్నా, మీ 40 బస్తాల మీద రోజుకు 20 కిలోల పప్పు అవుతుంది.

అయితే బరువు ఒక్కటే చాలదు. కటింగులో గుండు పప్పు బద్దలైతే బరువు మారదు, ధర మాత్రం పడిపోతుంది. అందుచేత ప్రతి లాట్‌కూ గుండు పప్పు రకాలైన డబ్ల్యూ240, డబ్ల్యూ320, ఆపైన బద్ద, ముక్క ఎంతెంత వచ్చాయో విడివిడిగా నమోదు చేయాలి. దీనికి మొదట ఒక స్ప్రెడ్‌షీటు, మూడు ఎలక్ట్రానిక్ కాటాలు సరిపోతాయి. నాలుగు నెలల ఈ నమోదులు చేతిలో ఉంటే, ఏ ప్యాకేజీ మీ పద్ధతికి సరిపోతుందో అమ్మేవారికి మీరే చెప్పగలుగుతారు.

జవాబు 2 (గునుపురం, రాయగడ జిల్లా)

నేను ఒక ధాన్యం మిల్లులో లెక్కలు రాస్తాను. మా మిల్లులో ఖరీఫ్ ధాన్యం దిగుతున్న రోజులలోనే అన్ని విభాగాలనూ ఒకేసారి కంప్యూటరులోకి మార్చారు. ప్రారంభ నిల్వను గోదాములో తూచకుండా పుస్తకం నుంచి ఎక్కించారు, ఆ ఒక్క తప్పు రెండు నెలల పాటు ప్రతి నివేదికనూ చెడగొట్టింది, చివరికి మళ్లీ పుస్తకానికే వచ్చాము. పిక్కల కొనుగోళ్లు ముగిసిన తరువాత నిల్వను చేత్తో లెక్కించి, ఒక పూర్తి నెల పుస్తకమూ కంప్యూటరూ పక్కపక్కనే నడపండి. రెండూ కలిసేవరకు నాన్నగారి పుస్తకాన్ని ఆపకండి.

పీలింగు సంగతిలో తొందర అవసరం. సరుకు ఒడిశా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు జాబ్‌వర్కు కోసం (అంటే మీ సరుకు మీద మరొకరి చేత పని చేయించడానికి) వెళుతోంది కాబట్టి, విలువ 50,000 రూపాయలకు లోపే ఉన్నా ఈ-వే బిల్లు తప్పనిసరి, డెలివరీ చలానా కూడా ఉండాలి. ఆ చలానాల వివరాలను ఐటీసీ-04 అనే జీఎస్టీ ఫారంలో చూపాలి. వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటితే అది ఆరు నెలలకొకసారి, లేకపోతే ఏడాదికొకసారి. రైతుల దగ్గర నేరుగా కొన్న పిక్కల మీద పన్ను రివర్స్ చార్జి పద్ధతిలో మీరే కట్టాలి. ఈ మూడింటినీ మీ ఎదుట, మీ సొంత బిల్లులతో చేసి చూపించమని ఆ సంస్థను అడగండి. మీ సమాచారం మొత్తాన్ని ఎప్పుడైనా ఎక్సెల్‌లో తీసుకునే హక్కు ఒప్పందంలో రాయించుకోండి.

జవాబు 3 (కాశీనగర్, గజపతి జిల్లా)

మా అమ్మగారు పీలింగు పని చేసి మమ్మల్ని చదివించారు, ఇప్పుడు నేను అదే పనికి సూపర్‌వైజరును. కిలోల లెక్కన కూలి తీసుకునేవారికి కాటా అంటే వారి జీతమే. కొత్త కాటా వచ్చిన రోజున దాని తెర యజమాని వైపు తిరిగి ఉంటే, మిగతా వ్యవస్థ ఎంత మంచిదైనా వారు నమ్మరు. తెర వారికి కనబడేలా పెట్టండి, తూచిన వెంటనే చీటీ చేతికి ఇవ్వండి, వారాంతంలో మొత్తాన్ని వారి భాషలో చదివి వినిపించండి. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాష వచ్చిన అమ్మాయి ఒకరు మీ కర్మాగారంలోనే ఉంటారు, శిక్షణ మొదట ఆమెకు ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి చదివి వినిపించాను. లాట్ నంబర్లు ఈ వారమే మొదలుపెడుతున్నాము, ఈ-వే బిల్లు విషయమై రేపే ఆడిటరు గారిని కలుస్తాను. ఒక సందేహం మిగిలింది: బోర్మా నుంచి తీసిన పప్పును వేడిగానే తూచాలా, చల్లారాక తూచాలా?

జవాబు 1 (బరంపురం)

చల్లారాక, ప్రతి లాట్‌కూ సమానమైన సమయం ఆగి తూచండి. బోర్మాలో తగ్గే బరువు చాలావరకు నీరే కాబట్టి, లోపలికి పోయే ముందూ వచ్చిన తరువాతా తేమను కూడా కొలిచి రాయాలి. ఆ గడి లేకపోతే, ఆవిరైన నీరు మీ పట్టికలో నష్టంగా కనబడి, బోర్మా దగ్గర పనిచేసేవారి మీద అన్యాయంగా అనుమానం పడుతుంది.