అప్‌డేట్: కమాన్ పట్టీ వేయించాక బ్రేకు పట్టని పికప్

పోయిన నెల అడిగాను కదా, మామిడి లోడు కోసం వెనక కమాన్లకు (బరువు మోసే పట్టీల స్ప్రింగులకు) అదనంగా ఒక్కో పట్టీ వేయించాక బండి త్వరగా ఆగడం లేదని, ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు తొందరగా అరిగిపోతున్నాయని. కొందరు బ్రేకు షూలు మార్చమన్నారు, కొందరు బ్రేక్ ఆయిల్ మార్చమన్నారు. రెండూ చేశాను, తేడా రాలేదు.

అసలు కారణం ఇప్పుడు దొరికింది. ఛాసిస్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య రాడ్‌తో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఒకటి ఉంది. బరువుకి బండి వెనక భాగం కిందికి దిగితేనే అది వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ వదులుతుంది. పట్టీల వల్ల బండి ఎత్తుగా నిలబడింది. దాంతో లోడు ఉన్నా వాల్వ్‌కి అది ఖాళీ బండే! భారమంతా ముందు బ్రేకుల మీద పడింది.

రాడ్ సర్దేస్తానని మేస్త్రీ అన్నాడు. కొలత లేకుండా సర్దితే, వానలో ఖాళీ బండికి వెనక చక్రాలు లాక్ అవుతాయని నాకు భయం వేసింది. అందుకే పట్టీలు తీయించేశాను, లోడు కూడా ఆర్‌సీలో ఉన్నంతకే తగ్గించాను. ఇప్పుడు బ్రేకు బాగా పడుతోంది, ఘాట్‌లో టెన్షన్ లేదు.

కమాన్లు విప్పాం కాబట్టి వాటిని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వారం తిరిగాక మళ్లీ చూశాం. ఒకటి నిజంగానే వదులైంది, బిగించాం. ఆ వాల్వ్ చూడమని చెప్పిన అన్నకు చాలా థాంక్స్.