చలికాలంలో ఇంటి వేడి, గ్యాసు బిల్లు: లీడ్స్‌కు కొత్తగా వచ్చిన తిరుపతి కుటుంబానికి మనవాళ్ల సలహాలు

తిరుపతి కొర్లగుంట, ఇప్పుడు లీడ్స్:
అన్నలకు, అక్కలకు నమస్కారం. నవంబరులో భార్యతో, చిన్నపాపతో ఇక్కడికి వచ్చి, ఒక పాత ఇటుక ఇంట్లో అద్దెకు దిగాము. నీళ్లు కాచే గ్యాసు బాయిలరు, ఆ వేడినీరు తిరిగి గదిని వెచ్చబరచే రేడియేటరు ప్రతి గదిలో ఉన్నప్పటికీ పడకగది వేడెక్కడం లేదు. ప్లగ్గుకు పెట్టుకొనే హీటర్లలో ఏ రకం కొంటే బిల్లు తక్కువ వస్తుందో దయచేసి తెలుపగలరు.

పీలేరు, ఇప్పుడు బ్రాడ్‌ఫర్డ్:
తమ్ముడూ, ఏ హీటరూ కొనవద్దు. ఆయిల్ హీటరైనా, ఫ్యాన్ హీటరైనా ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది, పైగా ఇక్కడ కరెంటు యూనిట్ ధర గ్యాసు యూనిట్ ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. నీవు ముందుగా చేయవలసిన పని వేరే ఉంది. గ్యాసు, కరెంటు మీటర్ల అంకెలను ఈ రోజే ఫోటో తీసి కంపెనీకి పంపు. ఇల్లు వేడిని, కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో "ఏ" (మేలు) నుంచి "జి" (అధమం) వరకు గ్రేడుతో చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్‌ను ప్రభుత్వ వెబ్‌సైటులో నీవే వెతికి చూసుకో, ఏజెంటు నోటిమాట నమ్మవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మేము మొదట దిగిన ఇంటికి "సి" గ్రేడు ఉందని ఏజెంటు చెప్పాడు, వెతికి చూస్తే "ఎఫ్" అని ఉంది. 2020 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో, వేల్స్‌లో మినహాయింపు నమోదు చేయించుకోకుండా "ఈ" కంటే తక్కువ గ్రేడున్న ఇంటిని అద్దెకు ఇవ్వకూడదు. తెల్లవారేసరికి కిటికీ అద్దాల మీద నీళ్లు ధారగా కారి, చెక్క అంచు నాని, పాప మంచం వెనుక గోడ నల్లగా బూజు పట్టేది. మేము ఇంట్లో బట్టలు ఆరేస్తున్నామనీ, రోజూ సాంబారు కాస్తున్నామనీ, బూజు అందుకే వస్తోందనీ ఇంటి యజమాని ఉత్తరం రాశాడు. బట్టల తడి గాలిలో చేరేది నిజమే, కాని అసలు కారణం అది కాదు. పైకప్పు కింది అటకలోకి టార్చిలైటు వేసి చూస్తే, వేడి పైకి పోకుండా ఆపడానికి 270 మిల్లీమీటర్ల మందం ఉండవలసిన దూదిపరుపు అరచేయి మందానికి అణిగిపోయి, స్నానాలగది పైభాగాన అసలు లేకుండా, ఉత్త పలకలు కనబడ్డాయి. ఆ ఫోటోలూ ఉత్తరాలూ జతచేసి కౌన్సిల్ ఇళ్ల తనిఖీ విభాగానికి రాశాను. అధికారి వచ్చి చూసి నోటీసు ఇచ్చిన తరువాతే ఆయన అటకలో కొత్త పరుపు వేయించాడు. అందువల్ల ప్రతి మాటా కాగితం మీద ఉండేలా చూసుకో తమ్ముడూ.

మదనపల్లె, ఇప్పుడు మాంచెస్టర్:
అన్న చెప్పినదంతా సరే, కాని ఈ నెల బిల్లు తగ్గించే పని బాయిలరు దగ్గరే ఉంది. రేడియేటర్లకు వెళ్లే నీటి వేడి చాలా ఇళ్లలో 75, 80 డిగ్రీల దగ్గర పెట్టి ఉంటుంది. దానిని 60కి తగ్గిస్తే తిరిగివచ్చే నీరు చల్లబడి, పొగలోని ఆవిరి నీరుగా మారుతూ తన వేడిని బాయిలరుకే ఇచ్చేస్తుంది. గది వేడెక్కడానికి కొంత ఎక్కువసేపు పడుతుంది, గ్యాసు మాత్రం తక్కువ ఖర్చవుతుంది. ఇలా తగ్గించి రోజంతా ఆపకుండా ఉంచడమే అన్నిటికన్నా పొదుపు.

పుత్తూరు, ఇప్పుడు బర్మింగ్‌హామ్:
తమ్ముళ్లూ, ఇక్కడ రెండు సంగతులు సరిదిద్దాలి. 60కి తగ్గించమన్న సలహా వేడినీళ్ల ట్యాంకు లేని కాంబీ బాయిలర్లకు వర్తిస్తుంది. ట్యాంకు ఉన్న ఇంట్లో ఆ నీరు 60 డిగ్రీలకు చేరకపోతే ప్రమాదకరమైన బాక్టీరియా పెరగవచ్చు, కాబట్టి బాయిలరును అంతకంటే కొంచెం పైనే ఉంచాలి. ఇక రోజంతా వేసి ఉంచితే పొదుపు అన్నది గ్యాసు బాయిలరు ఉన్న పాత ఇంటికి సరిపడదు. లోపలికీ బయటికీ ఎంత తేడా ఉంటే గోడల గుండా అంత వేడి పోతుంది, ఎవరూ లేని ఇంటిని వెచ్చగా ఉంచడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే. బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి లాగుతూ నెమ్మదిగా నడిచే హీట్ పంపు విషయం వేరు.

మదనపల్లె, ఇప్పుడు మాంచెస్టర్:
అక్కా, ట్యాంకు సంగతి ఒప్పుకుంటాను. కాని చిన్నపిల్ల ఉన్న ఇంట్లో పూర్తిగా చల్లారిన గోడలను మళ్లీ వేడెక్కించే లోపల పాప వణకాలి కదా?

పుత్తూరు, ఇప్పుడు బర్మింగ్‌హామ్:
పాప ఇంట్లో ఉన్నంతసేపూ వేసుకోమనే చెబుతున్నాను. గది వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ 18 డిగ్రీలకు తగ్గకుండా ఉంచి, వాడని గదుల రేడియేటర్ల మీటలు తగ్గించి, తలుపులు మూసి ఉంచితే చాలు.

బైరాగిపట్టెడ, తిరిగి తిరుపతి వచ్చినవాడిని:
అక్కడ వేడిని లోపల నిలుపుకోవాలి, ఇక్కడ బయటే ఆపాలి. బాబూ, మీ అమ్మానాన్నలకు ఏసీ కొనిచ్చే ఆలోచన ఉంటే, ముందు మిద్దె మీద తెల్ల సున్నం కొట్టించి, పడమటి కిటికీకి బయటివైపు తడక కట్టించు. ఆ తరువాత ఏసీని 26లో పెట్టి ఫ్యాను తిప్పుకుంటే సరిపోతుంది. ఇక్కడ యూనిట్లు పెరిగేకొద్దీ ధర శ్లాబు మారుతుంది, అందుకే కొద్దిపాటి పొదుపు కూడా బిల్లులో బాగా తెలుస్తుంది.

ఇక నీవు అడిగిన పడకగది సంగతి. రేడియేటరు పైన చల్లగా, కింద వేడిగా ఉంటే అందులో గాలి చేరిందని అర్థం. బాయిలరు ఆపి, రేడియేటరు చల్లారాక, పక్కనున్న చిన్న మరను దాని తాళంచెవితో కొద్దిగా వదులు చేసి, కింద గుడ్డ పట్టుకో. బుసమనే శబ్దం ఆగి నీటిచుక్కలు రాగానే బిగించు. తరువాత బాయిలరు మీద నీటి ఒత్తిడిని చూపే ముల్లు 1, 1.5 బార్ల మధ్య ఉందో లేదో చూడు. అలా కాక కిందిభాగమే చల్లగా ఉంటే లోపల మడ్డి పేరుకుందన్నమాట, దానిని కడిగించడం ఇంటి యజమాని పని.